ఇంకా రాలేదంటే తప్పు కాదు

మకస్సార్ రేవులో పడవలకు గాలివాన కబుర్లు పంపే ఆఫీసుంది. అక్కడి సర్వర్ ప్రతి పడవతోనూ ముందు రహస్య తాళాలు మార్చుకుని, ఆ తరువాతే మాట్లాడుతుంది. మధ్యలో ఒక పడవకు సిగ్నల్ పోతే సర్వర్ అక్కడే ఆగిపోయి, మిగతా పడవలన్నింటినీ నిలబెట్టేది. అందుకని ఆ ఆఫీసులో పనిచేసే తెన్రి సర్వర్ ప్రోగ్రామును ఎవరి కోసమూ ఆగకుండా తిరగరాసింది.

మర్నాడే పడవ సరంగు దాయెంగ్ సిరువా ఫోన్ చేశాడు.

"ఏమ్మా, నా పడవ నోరు తెరిచేలోపే మీ మిషను లైను కోసేస్తోందేం? నామీద కోపమా?"

"మీ మీద కోపమేంటి దాయెంగ్! చూస్తానుండండి."

పక్క సీటు యూలియస్ ఆమె తెర మీదికి తొంగిచూశాడు.

"ఆయన సిగ్నల్ నిదానం. 'ఇంకా రాలేదు, కాసేపాగి మళ్ళీ అడుగు' అంటోంది తాళాలు మార్చే ఆ రెడీమేడ్ కోడ్ లైబ్రరీ. అది తప్పు కాదు తెన్రీ! నువ్వేమో ఆయన్ని గెంటేస్తున్నావ్."

తెన్రి తన కోడు మళ్ళీ చదువుకుంది. పని జరగలేదన్న ప్రతి జవాబునూ ఆమె తప్పుల్లోనే కలిపేసింది. ఇప్పుడు 'ఇంకా రాలేదు' అన్న జవాబును వాటినుంచి విడదీసింది. అది వస్తే ప్రోగ్రాము ఆ పడవను పక్కన ఉంచి మిగతావాటిని చూడాలి, దాని దగ్గరనుంచి ఏదైనా రాగానే ఆగినచోటు నుంచే మళ్ళీ మొదలుపెట్టాలి.

సాయంత్రం సిరువా మళ్ళీ ఫోన్ చేశాడు.

"అందిందమ్మా. రేపు పెద్దగాలంట, పడవ తియ్యొద్దంట. ఈ దిక్కుమాలిన కబురు కోసమా నేనింత మొత్తుకుంది!"

తెన్రి పకపకా నవ్వింది.