కుడి పక్కకి ఏది?

స్నోబోర్డింగ్‌కి జపాన్ వెళ్తున్నానని నిఖిల చెప్పేసరికి రవీంద్రన్ అన్నం తింటున్నాడు. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"కాళ్ళకి పలక కట్టుకుని మంచు మీద జారతారే, అదేనా?"

"అదే నాన్నా. ఆఫీసు ఫ్రెండ్స్ ఐదుగురం. వారం రోజులే."

వద్దని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. రెండేళ్ళ కిందట వారానికి మూడుసార్లు డయాలసిస్ కుర్చీలో పడి ఉన్న మనిషి అతను. భార్య హేమమాలిని కిడ్నీ సరిపోలేదు. కూతురిది సరిపోయింది. ఇవాళ వుడ్‌ల్యాండ్స్‌ పేటలో పొద్దున్నే లేచి లిఫ్టుల రిపేరుకి వెళ్తున్నాడంటే, నిఖిల ఎడమ కిడ్నీ ఇప్పుడు అతని ఒంట్లో పనిచేస్తుండబట్టే. ఆ పిల్లకి మిగిలింది కుడి పక్కది ఒక్కటే.

"డాక్టర్ని అడిగావా?"

"అడిగాను. పక్కన దెబ్బ తగలకుండా చూసుకోమన్నారు. వెళ్ళొద్దని అనలేదు."

హేమమాలిని కూర గిన్నె మీద మూత పెట్టింది.

"సరే, కావాల్సినవి కొనేటప్పుడు నేనూ వస్తా" అన్నాడు రవీంద్రన్.

శనివారం పాయా లేబర్ మాల్‌లో ఒక దుకాణానికి వెళ్ళారు. బయట చొక్కా వీపుకి అతుక్కుపోయే ఎండ, లోపల వరుసలు వరుసలుగా ఉన్ని కోట్లు. దుకాణంలో ఉన్న చైనీస్ ఆవిడకి యాభై దాటి ఉంటాయి. తను ఏటా మంచు మీదకి వెళ్తానని చెప్పి, ఓపిగ్గా ఒక్కొక్కటీ తీసి చూపించింది.

హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, నిఖిలని తల ఊపమంది. "హెల్మెట్ తలతోపాటే కదలాలి. విడిగా కదిలిందంటే సైజు పెద్దదన్నమాట." రెండోది సరిపోయింది. తర్వాత మణికట్టుకి తొడిగే గట్టి పట్టీలు ఇచ్చింది. "కొత్తవాళ్ళు పడేటప్పుడు చేతులు ఆనిస్తారు. ముందు విరిగేది ఇక్కడే." ఆ తర్వాత వెన్ను చివర దెబ్బ తగలకుండా లోపల మెత్తలు కుట్టిన నిక్కరు. చివరికి వీపు మీద బిళ్ళలు అమర్చిన చేతుల్లేని కోటు.

నిఖిల అది తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. రవీంద్రన్ వెనక్కి వెళ్ళి చూశాడు. బిళ్ళలన్నీ వెన్నెముక మీదే ఉన్నాయి. పక్కలకి వట్టి గుడ్డ.

"ఇక్కడికి ఏముంది?" కూతురి కుడి పక్క, పక్కటెముకల కింద చెయ్యి పెట్టి ఇంగ్లీషులో అడిగాడు.

"నాన్నా" అంది నిఖిల మెల్లగా. బయటివాళ్ళ దగ్గర ఆ సంగతి ఎత్తడం ఆమెకి ఇష్టం ఉండదు.

ఆవిడ లోపలికి వెళ్ళి పక్కలకి కూడా ఫోమ్ అట్ట ఉన్న ఇంకో రకం తెచ్చింది. రవీంద్రన్ ముఖం విప్పారింది.

"వంగమ్మా" అన్నాడు.

నిఖిల మోకాళ్ళు ముడిచి, జారేవాళ్ళలా వంగింది. కోటు పైకి జరిగింది. సరిగ్గా ఆ చోటే బయటపడింది. రవీంద్రన్ అంచు పట్టుకుని కిందికి లాగాడు.

"మళ్ళీ వంగు."

మళ్ళీ జరిగింది. మళ్ళీ లాగాడు. ఒక సైజు పెద్దది వేయించాడు. అది మనిషి ఒకవైపు, కోటు ఒకవైపు అయింది. నడుం పట్టీ బిగిస్తే నిఖిలకి ఊపిరాడలేదు.

"అసలు జరగనిది ఏదైనా ఉందా? ఎక్కడినుంచైనా తెప్పిస్తారా?"

ఆవిడ నిఖిల విప్పిన కోటు అందుకుని మడతపెట్టసాగింది. "సార్, ఇవి దెబ్బని కొంచెం తగ్గిస్తాయంతే. తగలదని నేను చెప్పలేను. ఆమెకేమైనా ఆపరేషన్ అయిందా?"

నిఖిలే చెప్పింది. "నాకు ఒకటే కిడ్నీ. రెండోది ఈయన దగ్గరుంది."

ఆవిడ చేతిలో కోటు మడతపెడుతూ ఆగిపోయింది. రవీంద్రన్ కళ్ళు దించుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా లిఫ్టుల్లో ప్రతి తాడూ, ప్రతి బోల్టూ తడిమి, భయం లేదని సంతకం పెట్టే మనిషి. ఇక్కడ తడమడానికి ఏమీ దొరకలేదు.

"నేనివ్వకపోయుంటే నువ్వింత భయపడేవాడివా?" కొన్నవి పట్టుకుని బయటికొచ్చాక నిఖిల అడిగింది.

"భయపడేవాణ్ణి. కానీ వద్దని చెప్పేవాణ్ణి."

"ఇప్పుడూ చెప్పొచ్చు కదా."

"చెప్తే ఆగుతావా?"

నిఖిల సంచీని ఇంకో చేతికి మార్చుకుంది. "ఆగుతాను నాన్నా. అందుకే చెప్పకు, ప్లీజ్."

అతను చెప్పలేదు.

నిఖిల వెళ్ళిన మూడో రోజు అతని ఫోన్‌కి చిన్న వీడియో వచ్చింది. అప్పుడతను పదకొండో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి పనిచేస్తున్నాడు. తెల్లటి వాలు మీద నిఖిల వస్తోంది, ఊగింది, పక్కకి పడి దొర్లింది. ఏ పక్కకో తెలియలేదు. నాలుగుసార్లు చూశాడు. చివర్లో నవ్వుతూ లేచింది. "ఇక చాలమ్మా" అని కొట్టి, చెరిపేశాడు. "చూశాను" అని మాత్రం పంపాడు.

తిరిగొచ్చిన వారానికి నిఖిలకి రక్తపరీక్ష జరిగింది. అంతా మామూలుగానే ఉందన్నారు. హేమమాలిని దేవుడి గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

"వచ్చే జనవరిలో మళ్ళీ వెళ్దామనుకుంటున్నాం నాన్నా" అంది నిఖిల, మోకాలి మీద నల్లగా కమిలిన చోట మందు రాసుకుంటూ.

"మంచిది" అన్నాడు రవీంద్రన్. లేచి వెళ్ళి, దాహం లేకపోయినా, కూతురిచ్చిన కిడ్నీకి మంచిదని గ్లాసు నిండా నీళ్ళు పట్టుకున్నాడు.