మింగిన మొహాలు

నేను ఒక రబ్బరు ముక్కను. నవ్వకండి. చిన్నప్పుడు నా జాతివాళ్లను వాసన చూసి, కొరికి, చివరికి పారేసుకున్నవాళ్లే మీరంతా. ఎక్కడో ఏదో చెట్టు పాలతో పుట్టి, తెనాలి బజారులో ఒక కొట్టువాడి గాజుసీసాలో కొన్నాళ్లు కూర్చుని, అక్కణ్ణించి బొమ్మల విశ్వేశం బల్ల మీదికి చేరాను.

విశ్వేశం అడిగినవాళ్లకల్లా బొమ్మలు వేసేవాడు. వారపత్రికల కథలకు, విత్తనాల పొట్లాలకు, శుభలేఖలకు, సర్కసు కాగితాలకు. అడిగినవాళ్లు ఊరుకుంటారా? "పెళ్లికూతురి బుగ్గలు తగ్గించు" అని ఒకరు, "వంకాయ ఇంకా నవనవలాడాలి" అని ఇంకొకరు. చెరిపేది ఆయన, తినేది నేను. చెరిపేస్తే పోయిందనుకుంటారు మీరు. పోదు. నా కడుపులోకి వస్తుంది. సర్కసువాళ్లు వద్దన్న పులిని మింగాక, ఆ ఇంటి పిల్లి మళ్లీ బల్ల ఎక్కలేదు. నమ్మితే నమ్మండి.

అడిగేవాళ్లు లేనప్పుడు విశ్వేశం తనకోసం ఒకే బొమ్మ వేసుకునేవాడు. వాళ్లమ్మది. ఆయన ఉయ్యాలలో ఉండగానే ఆమె పోయింది. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఎన్నడూ దిగలేదట. దిగకుండానే తగ్గింది, పాపం. ఆ మొహం ఎరిగినవాళ్లలో ఇక మిగిలింది ఆయన్ని పెంచిన పిన్ని మాణిక్యమ్మ ఒక్కతే. ఆమె కళ్లకా రోజురోజుకీ మసక కమ్ముతోంది. వైద్యం లేదన్నాడు డాక్టరు. ఆ చూపు పోయేలోపు అమ్మ మొహం దొరకాలి. అదీ విశ్వేశం ఆరాటం.

"ఇదిగో పిన్నీ, ఈసారి చూడు."

ఆమె కాగితాన్ని ముక్కుకు ఆనించుకునేది. "కాదురా అబ్బాయ్. ఇదెవరో జమీందారుగారి పెళ్లాంలా ఉంది. మా అక్క మొహాన ఇంత పొగరెక్కడిదీ?"

వెంటనే నాకు భోజనం. అట్లా ఎంతమంది అమ్మల్ని మింగానో!

ఒక వేసవిలో పత్రిక ఎడిటరు నరహరి దెయ్యాల సీరియల్‌కి బొమ్మ అడిగాడు. గుమ్మం బయట నిలబడ్డ ఆడదెయ్యం. విశ్వేశం పెన్సిల్ పొడితో కాగితమంతా నల్లగా పులిమాడు. ఆ నలుపును నాతో తుడుచుకుంటూ వెలుగు తీయాలి. అంటే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బొమ్మ వేస్తున్నది నేను! మిట్టమధ్యాహ్నం, వడగాలి. గదిలో మాత్రం తడిమట్టి చల్లదనం. నన్ను పట్టుకున్నది ఆయన వేళ్లే గాని, నడిపింది ఆయన కాదు. ఒట్టు, నేనూ కాదు.

నరహరి వచ్చి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "బాబోయ్, భలే కుదిరిందయ్యా! రెండు కోరలు పెట్టు, చాలు."

ఆయనకు మజ్జిగ తెచ్చిన పిన్ని బొమ్మ మీదికి వంగింది. గ్లాసు తొణికింది.

"అక్కా! ఎప్పుడొచ్చావే? ఎండలో నిలబడ్డావేం?"

విశ్వేశం కాగితాన్ని నరహరి చేతికందకుండా లాక్కున్నాడు. "ఇది ఇవ్వనండీ, మీకు ఇంకోటి వేస్తాను" అన్నాడు. కోరలున్నదే వేసిచ్చాడు.

వానలు పడకముందే పిన్ని చూపు పూర్తిగా పోయింది. అయినా గోడకు గుచ్చిన ఆ బొమ్మ వైపు తిరిగి రోజూ అంటుంది, "లోపలికి రావే అక్కా, మనింట్లో మొహమాటమేంటి?"

శనగగింజంత మిగిలిన నేను బొమ్మ కింద ఒక సీసామూతలో ఉంటున్నాను. మొన్న పొద్దున విశ్వేశం అటుగా వెళుతూ ఆగిపోయాడు. గుమ్మం ఇవతలి నలుపులో పాదమంత మేర తెల్లబడింది. ఆమె కుడికాలు లోపల పెట్టింది. నలుపు తుడవాల్సింది నేను. నేను మూతలోంచి కదల్లేదు.

ఆయన పెన్సిల్ తీశాడు, ఆ పాదాన్ని మళ్లీ నల్లగా పులమడానికి. మొన కాగితానికి తగలబోయి ఆగింది. పెన్సిల్ చెవి మీద దోపుకుని వంటింటి వైపు కేకేశాడు.

"పిన్నీ, ఇంకో కంచం పెట్టవే."

"ఎప్పుడో పెట్టానురా. నువ్వే ఆలస్యం."

తల్లీబిడ్డలు కలిశారు, సంతోషం. నా బెంగల్లా ఒక్కటే. ఆ పులి ఇంకా నా కడుపులోనే ఉంది.