నా కొక్కేనికి వేలాడిన మందు

నేను ఒక సెలైన్ స్టాండును. బెజవాడలో బస్సుల బాడీలు కట్టే షెడ్డులో, మిగిలిపోయిన ఇనుప గొట్టంతో నన్ను చేశారు. పైన రెండు కొక్కేలు, కింద మూడు కాళ్ళు, ఒంటికి తెల్ల రంగు. నాతోటి గొట్టాలు బస్సులెక్కి ఊళ్ళు తిరుగుతుంటే, నేను కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక చిన్న ఆసుపత్రిలో మంచాల పక్కన నిలబడిపోయాను. అందుకు నేనెప్పుడూ విచారించలేదు. మనుషుల్ని తెలుసుకోవాలంటే వాళ్ళు పడుకుని ఉన్నప్పుడే చూడాలి. ఊరంతటినీ గడగడలాడించే మోతుబరి కూడా సూదిని చూస్తే కళ్ళు మూసుకుంటాడు.

మా వైపు కోతల కాలమంటే పాముకాట్ల కాలం. ఎలుకల కోసం పాములు కోసి పరిచిన వరిపనల కిందికి చేరేవి. ఆ రోజుల్లో కాటు పడ్డవాళ్ళు మా దగ్గరికి రాకుండా ముందు నాంచారయ్య దగ్గరికి వెళ్ళేవాళ్ళు. పాము మంత్రంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడని పేరు. విషంలేని పాము కరిచినవాళ్ళు లేచి కూర్చుని అతనికి దండం పెట్టేవాళ్ళు. మిగిలినవాళ్ళను ఆఖర్న మా దగ్గరికి మోసుకొచ్చేసరికి నా కొక్కేనికి మందు తగిలించే అవసరమే ఉండేది కాదు. డాక్టరు ఇందుమతి నాడి చూసి తల దించుకునేది.

ఒక మధ్యాహ్నం నాంచారయ్యే రిక్షా దిగి మా వరండాలోకి పరుగెత్తుకొచ్చాడు. రిక్షాలో అతని భార్య శేషుమణి. పన ఎత్తుతుంటే రక్తపింజర చేతి మీద కాటేసింది. మోచేతి దాకా వాచిపోయింది. చిగుళ్ళలోంచి నెత్తురు కారుతోంది.

"మంత్రం వెయ్యలేదా నాంచారయ్యా?" అని ఎవరో అడిగారు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగారు.

"నోరు పెగల్లేదయ్యా," అన్నాడతను.

డాక్టరమ్మ శేషుమణి నెత్తురు కొంచెం గాజు గొట్టంలో పట్టి కదపకుండా నిలబెట్టింది. కాసేపాగి వంచి చూస్తే నీళ్ళలా జారింది. గడ్డకట్టాల్సిన నెత్తురు కట్టలేదంటే విషం ఒళ్ళంతా పాకినట్టే. వెంటనే పాము మందు పొడిని కరిగించి, సెలైన్‌లో కలిపి నా కొక్కేనికి తగిలించారు. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి నెత్తురులోంచి తీసే మందది.

చుక్కలు పడడం మొదలైన కాసేపటికే శేషుమణి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. వణుకు పుట్టింది. ఊపిరందక గొంతు పట్టుకుంది. నాంచారయ్య ఒక్క ఉదుటున లేచి నన్ను పట్టుకుని ఊపేశాడు.

"ఆపండి! పాము సగం చంపితే మిగతా సగం మీరు చంపుతున్నారు!"

డాక్టరమ్మ మందు ఆపి, శేషుమణి తొడకు ఇంజెక్షన్ చేసింది. మెల్లగా ఊపిరి కుదుటపడింది. నాంచారయ్య కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు డాక్టరమ్మ అసలు మాట చెప్పింది.

"మళ్ళీ ఆ మందే ఎక్కించాలి."

"వద్దమ్మా! నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇప్పుడు తగ్గింది మందు ఒంటికి పడక వచ్చిన బాధ. పాము విషం అలాగే ఉంది. దానికి ఇంకో మందు లేదు. ఈసారి నెమ్మదిగా ఎక్కిస్తాను. ఇక్కడే కూర్చుంటాను."

చెప్తూనే ఆమె నన్ను గట్టిగా పట్టుకుంది. నాంచారయ్య చెయ్యీ నా మీదే ఉంది. ఇద్దరూ వదలలేదు. అప్పుడు మంచం మీంచి శేషుమణి సన్నగా పలికింది.

"ఎక్కించమ్మా. ఏమయ్యా, ఇంతమంది నిన్ను నమ్మి నీ ముందు పడుకున్నారే. నువ్వు ఒక్కసారి ఇంకొకర్ని నమ్మలేవా?"

అతని చెయ్యి జారిపోయింది. గోడవారగా చతికిలబడ్డాడు. ఆ మాట ఎంతమందిని అతని కళ్ళ ముందుకు తెచ్చిందో నాకు తెలియదు.

మర్నాడు డాక్టరమ్మ గాజు గొట్టం తలకిందులు చేసి చూపించింది. నెత్తురు కదల్లేదు. నాంచారయ్య ఆ గొట్టాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

అతను మంత్రం మానేశాడనుకునేరు. మానలేదు. కాటు పడ్డవాళ్ళు వస్తే చేతికో కాలికో వెదురుబద్ద కట్టి, "కదలబాకండి, కదిలితే మంత్రం పారదు," అని గట్టిగా చెప్పి, రిక్షా ఎక్కించి, దారి పొడుగునా గొణుగుతూ మా వరండాలో దించేవాడు. నిజం చెప్పే ధైర్యం లేకపోయినా, ఆ అబద్ధంతోనే ఎందరినో బతికించాడు. డాక్టరమ్మ నవ్వుకునేది. నా కొక్కేలకు క్షణం తీరిక ఉండేది కాదు. అవే నా మంచిరోజులు.

ఇప్పుడు మెరిసే స్టీలు స్టాండ్లొచ్చాయి. నేను తుప్పుపట్టి, విరిగిన మంచాలతో పాటు వెనక వరండాలో ఉన్నాను. ఇందుమతి బదిలీ అయి వెళ్ళిపోయింది. నాంచారయ్య పోయాడు. మొన్న కోతల్లో నా ఎదురుగా ఒక ఆటో ఆగింది. అందులోంచి చేతికి బద్ద కట్టిన ఒక కూలిపిల్లను పొదివి పట్టుకుని ముసలి శేషుమణి దిగింది. పెదవులు కదుపుతూనే ఉంది.

"తాత నీకూ మంత్రం నేర్పాడా మామ్మా?" అంది వెనకే దిగిన పిల్ల తల్లి, ఏడుస్తూ.

శేషుమణి ఔనన్నట్టు తలూపి నా పక్కనుంచే లోపలికి నడిచింది. ఆ గొణుగుడు నాకు స్పష్టంగా వినబడింది.

"వచ్చేశామమ్మా... వచ్చేశాం... ఇదుగో, వచ్చేశాం."