నీలం గళ్ల ముక్క

పొద్దుగాల అయిదింటికి బాలలక్ష్మికి మెలకువ వస్తది. రాంగనే మంచం దిగదు. కప్పుకున్న బొంత మీద, సరిగ్గా గుండెల కాడున్న నీలం గళ్ల ముక్క మీద చెయ్యి పెడతది. ముక్క వెచ్చగా తగులుతది. "లేచినవారా ముఖేష్" అని నవ్వుకొని, అప్పుడు పోయి చాయ్ పెట్టుకుంటది. పదహారేండ్ల సంది ఇదే వరుస.

తార్నాకల రెండు గదుల ఇల్లు ఆమెది. యూనివర్సిటీ లైబ్రరీల చినిగిన పుస్తకాలకు కుట్లేసి అట్టలు కట్టే పని. పొద్దంతా దబ్బనం పట్టుకున్న మనిషి ఇంటికొచ్చి మళ్ల సూది పట్టుకుంటది, ఏం పిచ్చో! పాత చీరలు, అంగీలు ముక్కలు కోసి బొంతలు కుడుతది. అమ్మడానికి కాదు. చుట్టాలకొకటి, దోస్తులకొకటి, గల్లీల ఎవరింట్ల పిల్ల పుడితే వాళ్లకొకటి.

ఆమె కుట్టిన బొంతలకు ఒక గుణం ఉన్నది. ఏ ముక్క ఎవరి ఒంటి మీది బట్టనో, ఆ మనిషి ఎంత దూరాన ఉన్నా సరే, బొంత కప్పుకునేటోళ్లను తలుచుకుంటే ఆ ముక్క వెచ్చబడతది. గల్లీల ఎవరికీ ఇది వింత కాదు. పక్కింటి అమృతమ్మ పొద్దుగాల్నే అరుగు మీద కూసొని, "మా చెల్లె ముక్క రాత్రి నుంచి కాలుతున్నది, ఏం పనిబడ్డదో ఏమో" అనుకుంట ఫోన్ తీస్తది. కొత్తబట్ట పనికిరాదు, దానికి మనిషి అలవాటు కాలేదు. చచ్చిపోయినోళ్ల ముక్కలు చల్లబడి ఇగ అట్లనే ఉంటయి. బాలలక్ష్మి బొంతల తండ్రి లచ్చయ్య ధోతి ముక్క అట్లనే ఉన్నది.

తండ్రి పోయినంక తమ్ముడు ముఖేష్‌ను ఆమెనే చదివించింది. వాడిప్పుడు పెండ్లాం పిల్లలతోని మల్కాజ్‌గిరిల ఉంటడు. తార్నాక నుంచి ఎంత దూరం? అయినా రాడు, ఫోన్ చెయ్యడు. అమృతమ్మ ఎత్తిపొడిస్తే బాలలక్ష్మికి కోపమొచ్చేది.

"రాకుంటే ఏందమ్మా? రోజూ కండ్లు తెరవంగనే నన్ను తలుచుకుంటడు. గంత ప్రేమ ఎవరికుంటది?"

"మరి నీకొక ఇల్లూ సంసారం?"

"నాకేం తక్కువైంది?" అనేది. నిజంగనే తక్కువ అనిపించలేదు. పొద్దుగాల గుండెల మీద వెచ్చగా ఉంటే రోజంతా గడిచిపోయేది.

అట్లాంటిది, నవంబర్ చివర్ల ఒక సోమవారం ముక్క చల్లగా ఉన్నది. వాడు ఇంకా లేవలేదేమో అనుకున్నది. మంగళవారమూ అంతే. బుధవారం కూడా చల్లగనే తగిలింది. ఏడున్నర దాకా ఫోన్ మీద ఫోన్ చేసింది, ఎత్తలేదు. మొహం కూడా కడుక్కోకుండ ఆటో ఎక్కింది. మెట్టుగూడ దాటేదాకా ఆమెకు నాన్న ధోతి ముక్కనే కండ్లల్ల మెదిలింది.

తలుపు తెరిచిన ముఖేష్ చేతిల ఉప్మా ప్లేటు ఉన్నది.

"ఏందక్కా, ఇంత పొద్దుగాల? ఎవరికేమైంది?"

"నీకేమైందిరా? మూడు రోజులాయె నీ ముక్క చల్లబడి! పానం పోయిందనుకో నాకు."

"నా ముక్కా? నా అంగి ఎప్పుడు కోసినవ్ నువ్వు?"

"నీలం గళ్లదిరా. హాస్టల్ ఖాళీ చేసి తెచ్చిన పాతబట్టల మూటల ఉండె."

ముఖేష్ ఒక్క క్షణం ఆలోచించి నవ్విండు. "అయ్యో, అది నాది కాదక్కా! దేవేందర్‌ది. రూంల ముగ్గురికి అదొక్కటే మంచి అంగి. ఇంటర్వ్యూ ఎవరికుంటే వాళ్లం తొడుక్కునేటోళ్లం. వాపస్ ఇచ్చుడు మర్చిపోయిన."

"మరి రోజూ అయిదింటికి..."

"అయిదింటికా? ఏడున్నర దాకా నాకు సోయే ఉండదక్కా," అని మళ్ల నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగిపోయిండు. ప్లేటు పక్కన పెట్టి, ఏం చెయ్యాల్నో తెలవక మంచినీళ్లు తెచ్చిచ్చిండు. "అన్నట్టు దేవేందర్ పెండ్లట అక్కా. ఆదివారం చూసొచ్చి ఖాయం చేసుకున్నడు. నలభై ఏడేండ్లకు! నీకు చెప్పమన్నడు, నేనే మర్చిపోయిన."

ఆదివారం ఖాయమైంది. సోమవారం నుంచి ముక్క చల్లబడ్డది. బాలలక్ష్మికి అంతా తెలిసిపోయింది.

దేవేందర్ రెండేండ్లు ప్రతి ఆదివారం తమ్ముడితోని ఇంటికొచ్చి తిన్నోడే. వయసుల ఆమె కంటె ఏడాది పెద్ద, కొన్నేండ్లు ఉద్యోగం చేసి మళ్ల చదువుకొచ్చిండు. ముఖేష్ దోస్తులందరు ఆమెను అక్కా అనేటోళ్లు, ఆయన ఒక్కడు అనకపోయేది. ఆ నీలం గళ్ల అంగి ఆయన మీద కూడా చూసింది. కోసేటప్పుడు, ఇది ఎవరిదిరా అని ఒక్కమాట అడిగి ఉంటే!

"ఒకసారి నువ్వు, 'అక్కా, దేవేందర్‌ను పెండ్లి చేసుకుంటవా' అని అడిగినవ్. యాదున్నదా?"

ముఖేష్ తల దించుకున్నడు. "ఆయనే అడగమన్నడు. నువ్వు సెటిల్ అయినంక చూద్దాంలేరా అన్నవ్. అదే చెప్పిన."

"సెటిల్ అయినంక?"

"మళ్ల అడగాలని నాకు తట్టలేదక్కా."

వాణ్ణి తిట్టాలని నోటిదాకా వచ్చింది. తిట్టి ఏం లాభం? నీళ్లు తాగి వాపస్ వచ్చింది.

వారం తర్వాత దేవేందరే లైబ్రరీకొచ్చిండు. పాలమూరుల కాలేజీ లెక్చరర్, జుట్టు సగం నెరిసింది. వెంట పెండ్లికూతురు అమల. నలభై ఉంటయేమో, నవ్వు మొహం, గలగల మాట. చేతుల పెద్ద సంచి.

"అక్కా, మాకొక బొంత కుడతరా? మా అమ్మ చీర, మా తమ్మునిది లుంగీ అన్నీ తెచ్చిన. ఈయన అంగి ఒకటే మర్చిపోయిండు, పంపుతడట." కొంచెం సిగ్గుపడుకుంటనే చెప్పింది, "నాకింక పెండ్లి కాదని అందరు వదిలేసిన్రు అక్కా. పొద్దుగాల లేచి, ఈయన ముక్క మీద చెయ్యిపెట్టి చూసుకోవాలని నాకు మస్తు ఆశ."

ఫోన్ మోగితే ఆమె వరండాలకు పోయింది. బాలలక్ష్మి అట్టకు గంజి పూసుకుంటనే అడిగింది.

"అంగి నిజంగనే మర్చిపోయినవా?"

"లేదు," అన్నడు దేవేందర్. "ముక్క చల్లగుంటే ఆమెకు తెలిసిపోతది కదా. అందుకని తేలేదు."

"నీ అంగి ఒకటి నా దగ్గరున్నది. నీలం గళ్లది. నా బొంతల."

"వెచ్చగైతుండెనా?"

"రోజూ అయిదింటికి."

"వాకింగ్ పోయేటప్పుడు... ఎవరూ ఉండకపోయేది, మీతోని మాట్లాడుకుంట నడిచేటోణ్ణి. మొన్న పెండ్లి ఖాయమైనప్పుడు ఇగ వద్దని ఒట్టు పెట్టుకున్న."

"నేను ముఖేష్ అనుకున్న దేవేందర్! పదహారేండ్లు ముఖేష్ అనుకున్న."

"ఇంకా పెండ్లి కాలేదు," అన్నడాయన మెల్లగ. "మీరు ఒక్కమాట చెప్పండి. ఏదంటే అది చేస్త."

ఆమె నోరు తెరిచేలోపల అమల వచ్చేసింది.

మర్నాడు అయిదింటికి ముక్క మళ్ల వెచ్చబడ్డది. మునుపటి కంటె ఎక్కువగనే. ఎవరిదో తెలిసి ఆ వెచ్చదనం కింద పడుకోవడం ఆమెకు అదే మొదలు. చాయ్ పెట్టలేదు, లేవలేదు. ఏడింటి దాకా అట్లనే పడుకొని చిన్నపిల్ల తీరు సంతోషపడ్డది. ఫోన్ దిండు పక్కనే ఉన్నది. చెయ్యి, ఒక్కమాట చెప్పు, అని మనసు ఒకటే పోరు. ఎందుకు చెప్పొద్దు? తనదే కదా! ఇన్నేండ్లు తనకోసమే కదా వెచ్చబడ్డది!

ఫోన్ చేతిలకు తీసుకున్నది కూడా. అప్పుడు లైబ్రరీ నుంచి తెచ్చి పెట్టిన అమల సంచి కనబడ్డది. వాళ్లమ్మ చీర అంచు బయటికొచ్చి ఉన్నది. మూడు రోజులు ముక్క చల్లగుంటేనే తను మొహం కడుక్కోకుండ మల్కాజ్‌గిరి దాకా ఉరికింది. పెండ్లి తప్పిపోతే ఆ పిల్లకు చెయ్యి పెట్టి చూసుకునే ముక్కే ఉండదు, నలభై ఏండ్లకు మళ్ల ఎవరొస్తరు? తప్పు చేసింది తను. అడగంది తను. దానికి ఆ పిల్ల ఎందుకు పడాలె?

బాలలక్ష్మి ఫోన్ పక్కన పెట్టి కత్తెర తీసింది. ఒక్కో కుట్టూ విప్పుకుంట పోయింది. ఏడ్పు ఆపుకోలేదు, ఆపుకోవాలని చూడలేదు కూడా. చివరి దారం తెగేదాకా ముక్క చేతికి వెచ్చగనే తగిలింది. తర్వాత ఉత్త గుడ్డయింది. దాన్ని అమల బొంత నడుమ పెట్టి, దగ్గర దగ్గర కుట్లతో గట్టిగ కుట్టింది.

పెండ్లిల ఆ బొంతను అమల చేతుల పెట్టింది. దేవేందర్ నీలం గళ్లు చూసిండు. ఆమె ఏం చెప్పిందో ఆయనకు అర్థమైంది. చేతులు జోడించి దండం పెట్టిండు.

ముఖేష్ తర్వాత తన పాత అంగి ఒకటి తెచ్చిచ్చిండు. దాన్ని ఖాళీ జాగల కుట్టుకున్నది. ఆదివారం పగటిపూట ఎప్పుడన్న జర వెచ్చబడతది. ఉన్నదే గంత, పోనీలే అనుకున్నది.

ఫిబ్రవరిల ఒకనాడు ఆరు కాకముందే అమల ఫోన్ చేసింది.

"అక్కా! ఎవరికీ చెప్పలేదు గని, ఈయన ముక్క ఇన్ని రోజులు చల్లగనే ఉండె. రోజూ లేచి చూసి ఏడ్చేదాన్ని. ఇయ్యాల ఈయన వాకింగ్ పోయిండు, అయిదింటికి వెచ్చబడ్డదక్కా!"

ఆ ముక్క చల్లగనే ఉండిపోవాలని తను లోపల్లోపల కోరుకున్నదని బాలలక్ష్మికి అప్పుడు తెలిసింది. తన మీద తనకే సిగ్గేసింది.

"మంచిగైంది తల్లీ," అన్నది. "ఇగ రోజూ చూసుకో. ఏనాడన్న మళ్ల చల్లబడితే, నీ అంతట నువ్వే ఏదో ఒకటి అనుకోకు. ఎందుకని ఆయన్నే అడుగు. నోరు తెరిచి అడుగు."

"సరే అక్కా," అని అమల నవ్వుకుంట ఫోన్ పెట్టేసింది. బాలలక్ష్మి బాత్రూంలకు పోయి, అమృతమ్మకు వినబడకుండ నల్లా తిప్పి, బకెట్ నిండి నీళ్లు పారిపోయేదాకా ఏడ్చింది.