నాలుగు క్షణాల తాళం

"చనిపోయినవారు మీకేమవుతారు?" అని మైకులో అడిగి, అతను తల అడ్డంగా ఊపాడు. పోలీసు గొంతులా ఉంది. రికార్డు చేసింది చెరిపేసి మళ్లీ చదివాడు. ఈసారి మరీ సంతాపసభలా వచ్చింది.

జనన మరణాలు నమోదు చేసే గుమాస్తాలకు ఆన్‌లైన్ పాఠాలు తయారుచేయడం అతని ఉద్యోగం. అంతకుముందు చాలా ఏళ్లు తనే ఆ నమోదు కిటికీ వెనక గుమాస్తాగా కూర్చున్నాడు. కూర్చున్నాడని అనడమే గానీ, కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. అన్నం సగంలో లేచి ఫ్యాను రెక్కలు తుడిచే రకం. ఆఫీసులో అంతా 'కాలుగాలిన పిల్లి' అంటారు. అలాంటివాడు మరణాల పాఠంలో ఒక తాళం పెట్టాడు. ఆ ప్రశ్న అడిగాక నాలుగు క్షణాలపాటు తెర మీది 'తర్వాత' మీట పనిచేయదు. గుమాస్తా ఊరికే ఎదురుచూడాలి. చెప్పేవాళ్లకు గొంతు పెగలాలి కదా!

"ఆ తాళం తీసెయ్యండి, గుమాస్తాలు విసుక్కుంటున్నారు," అంది పై అధికారిణి, తలుపు దగ్గర నిలబడి.

"విసుక్కోనివ్వండి మేడమ్. మనదేం బస్సు టికెట్ల కౌంటరు కాదుగా."

"ఓపిక గురించి చెప్పేది మీరా!" ఆవిడ నవ్వేసి వెళ్లిపోయింది. తాళం ఉండిపోయింది.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వదిన ఫోను చేసింది. "మీ అన్నయ్య నీతో మాట్లాడాలంటున్నారు. ఎప్పట్లా వచ్చినట్టే వచ్చి పారిపోకు. కాసేపు కూర్చునేలా రా."

"ఈ ఒక్క వాక్యం అయిపోతే వచ్చేస్తా వదినా."

తండ్రి పోయాక అతన్ని పెంచి చదివించింది అన్నయ్యే. ఆ మంచం పక్కన కూర్చుంటే ఏం వినాల్సి వస్తుందోనని అతనికి భయం. అందుకే పళ్లు తేవడం, డాక్టరు వెంటపడటం, మందులకు పరుగెత్తడం. ఈ వాక్యం కూడా ఒక సాకేనని తెలుసు. అయినా మళ్లీ చదివాడు, మళ్లీ చెరిపాడు. పొద్దు వాలే వేళకు కుదిరింది.

ఆసుపత్రి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి గదిలోకి వెళ్లేసరికి, అన్నయ్య ముఖం మీదికి దుప్పటి లాగి ఉంది.

"ఇందాకే, నిద్దట్లోనే..." అంది వదిన. "నువ్వొస్తావని నీ మాట వినబడేలా చెవికి మిషను పెట్టించుకున్నారు. చాలాసేపు గుమ్మంవైపే చూశారు."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సంతకాలున్నాయి రమ్మని నర్సు పిలిచినా లేవలేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

పక్కబల్ల మీద, ఖాళీ గాజుగ్లాసులో, ఎవరూ కట్టేయని చెవి మిషను సన్నగా కూస్తూనే ఉంది.