బందలో తేలిన చేపలు

వేసవి ముదిరేసరికి పాతపట్నం దాపునున్న ఆ ఊరి బందలో, అంటే చిన్న చెరువులో, నీళ్లు మోకాలి లోతుకు దిగి, చోడి అంబలిలా చిక్కబడ్డాయి. ఆ ఉదయం చేపలన్నీ నోళ్లు తెరుచుకుని పైకి తేలాయి. ఊరంతా దిగి చేతులతోనే పట్టుకుంది. కూర్మమ్మ మాత్రం బిడ్డను చంకనేసుకుని గట్టు మీదే ఉండిపోయింది.

ముందునాటి సాయంత్రం మరిది ఎల్లాజీ ఎండ్రిన్ డబ్బా పట్టుకుని బంద వైపు వెళ్లడం ఆమె కళ్లారా చూసింది. మిరపతోటకు కొట్టే పురుగుమందు అది. ఆమె పుట్టింటి ఊళ్లో ఎవరో చేపల కోసం దాన్నే చెరువులో పోశారు. ఆ కూర తిన్న పసివాడు దక్కలేదు. ఇప్పుడు తన బిడ్డ తట్టు పోసి లేచి, పిడికెడయ్యాడు. వాడి కోసమని అత్త గురమ్మ బందలో దొరికిన కొరమీను పులుసు పెడుతోంది.

ఉండబట్టలేక ఎల్లాజీనే అడిగేసింది. డబ్బా ఎప్పుడో ఖాళీ అయిందనీ, బూడిదేసి తోమి గేదెల మీద నీళ్లు పోయడానికి వాడుతున్నాననీ అతను నవ్వాడు.

"ఏటేటా సేసిందే వొదినా. గేదిల్ని దించి బురద కెలికించినాం. ఊపిరాడక పైకొచ్చినాయి. మందేత్తే కప్పలు బతుకుతాయేటి? ఎల్లి సూడు."

పుట్టింటిది లోతు చెరువు. గేదెలు కెలికితే చేపలు తేలతాయని ఆమె ఎన్నడూ వినలేదు. పైగా ఆ నవ్వొకటి. బిడ్డను పడుకోబెట్టి, లేపొద్దని అత్తకు చెప్పి, బందకు నడిచింది.

గట్టు మీద కప్పలు గెంతుతున్నాయి. అవి పొలాల్లోంచి వచ్చినవి కావని ఏమిటి నమ్మకం? చీర ఎగ్గట్టి బురదలోకి దిగింది. కాసేపటికి పిక్క చురుక్కుమంది. జలగ. బతికే ఉంది, పీకినా రానంత గట్టిగా పట్టింది. చివరికి లాగి పారేసినచోట నెత్తురు కారుతుంటే ఆమె గుండె సగం కుదుటపడింది.

ఇంటికొచ్చేసరికి బిడ్డ అత్త ఒళ్లో వేళ్లు నాకుతున్నాడు.

"లేసి ఏడిసినాడే. నాలుగు ముద్దలెట్టినాను. ఎన్నాళ్లకి తిన్నాడో సూడు," అంది గురమ్మ.

కుదుటపడిన ఆ సగం కూడా జారిపోయింది. కూర్మమ్మ వాడి నోరు వాసన చూసింది. చింతపండు, చేప, అంతే. చతికిలబడి, వాడు తిన్న గిన్నెలోనే అన్నం కలుపుకుని, మిగిలిన పులుసంతా తినేసింది.

"అంతాకలేటే నీకు?" అత్త నవ్వింది.

కూర్మమ్మ బిడ్డను ఒళ్లోకి లాక్కుని, వాడి కళ్లలోకి చూస్తూ కూర్చుంది.