ఎడమ పిడి

నేను ఒక వేడి పిడిని, బండి హ్యాండిల్‌కు ఎడమవైపు ఉండేదాన్ని. కుడివైపు నాకో జత ఉంది కానీ, దానికి యాక్సిలరేటర్ బాధ్యత ఉండటం వల్ల ఆలోచించే తీరిక లేదు. పైకి నల్లటి రబ్బరు, లోపల సన్నటి తీగ. స్విచ్ నొక్కితే వేడెక్కుతాను. నన్ను మంచు దేశాల వాళ్ల కోసం తయారు చేశారు. నేను వచ్చిన పెట్టె మీద మంచులో నవ్వుతున్న మనిషి బొమ్మ ఉండేది. ఆ తర్వాత నాకు అలాంటి మనిషి తారసపడలేదు.

నేను చేరింది లంబసింగి దగ్గరి ఒక గూడేనికి. చలికాలం అక్కడికి పట్నం జనం డబ్బిచ్చి మరీ వణకడానికి వస్తారు. తెల్లవారకముందే వాళ్లను ఒక్కొక్కరిగా నాలుగు లావు చక్రాల బండి మీద, రాళ్ల దారిన, మబ్బులు కనిపించే కొండ మీదికి చేర్చడం బొంజుబాబు పని. బండి రాజుగారిది. ఆయన కొండ కింద గుడారాలు అద్దెకిస్తాడు. చలి మాత్రం బొంజుబాబుది.

నేను రాకముందు అతను ఇల్లు చేరేసరికి వేళ్లు వంగేవి కావట. భార్య రాజులమ్మ వేడి వేడి చోడి అంబలి గిన్నెను అతని చేతుల మధ్య పెట్టి, పైన తన చేతులు మూసి, వేళ్లు కదిలేదాకా అలాగే కూర్చునేదట. ఇదంతా అతను చింతపల్లిలో మెకానిక్ సుభానీకి చలి మీద ఫిర్యాదుగా చెప్పాడు.

సుభానీ నన్ను బిగిస్తూ, "తాళం తిప్పితేనే వేడెక్కేలా కలుపుతాను," అన్నాడు.

"వద్దు బాయ్. బండెక్కకముందే కాగిపోవాల. బేటరీకి తిన్నగా కలిపీ."

"బేటరీ ఏడుస్తది బొంజూ."

"ఏడవనీ. ఇన్నాళ్లూ నా సేతులు ఏడ్నేదా?"

నేను నా పని చక్కగా చేశాను. బొంజుబాబు వెచ్చటి చేతులతో ఇంటికి రావడం మొదలుపెట్టాడు. అంబలి నిలబడే తాగేసి, గిన్నె గట్టు మీద పెట్టి పోయేవాడు. రాజులమ్మ ఆ గిన్నెను కాసేపు చూసి కడిగేది. సౌకర్యం వచ్చినప్పుడు ఏదో ఒకటి పోతుందని మనుషులకు తెలుసు. ఏది పోయిందో మాత్రం వెంటనే తెలియదు.

కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున బండి కదల్లేదు. గుడారాల దగ్గర పట్నం జనం దుప్పట్లు కప్పుకుని ఎదురుచూశారు. మబ్బులు వాళ్ల కోసం ఆగలేదు. సుభానీ వచ్చి చూసి, "బేటరీ మంచిదే, ఛార్జే అయిపోయింది. నువ్వు లేనప్పుడు ఎవరో పిడి వాడుతున్నారు," అన్నాడు.

"మా ఇంట్లో ఎవులున్నారు వాడ్డానికి?" అన్నాడు బొంజుబాబు. ఆ ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లోనే ఉందని అతనికి తట్టలేదు.

రెండోసారి కూడా అలాగే జరిగాక రాజుగారు గొంతు పెంచకుండానే అన్నాడు: "చూడు బొంజూ, ఇంకోసారి ఇలా అయితే బండి వేరేవాడికి ఇచ్చేస్తాను. నేను అమ్మేది సూర్యోదయం. మధ్యాహ్నం అమ్మితే ఎవడు కొంటాడు?"

ఆ బండి లేకపోతే బొంజుబాబుకు వేరే సంపాదన లేదు. ఆ సాయంత్రం అతను ఊరికే కబుర్లకని వెళ్లి, మనసు నిలవక తొందరగా తిరిగొచ్చాడు. ఇంటి పక్క పాకలో బండి మీద రాజులమ్మ కూర్చుని ఉంది. స్విచ్ వేసి ఉంది. రెండు చేతులూ మా మీద ఉన్నాయి.

"ఏటి సేస్తన్నావు?"

"సలి కాగుతన్నాను."

"లోపల పొయ్యుంది గదా."

"పొయ్యి కాడ ఒక్కదాన్నే గదా, మావా."

"ఇక్కడ మాత్రం ఎవులున్నారే?"

నా రబ్బరు మీద అతని బొటనవేలు అరగదీసిన చోటు ఒకటి ఉంది. ఆమె బొటనవేలు సరిగ్గా అక్కడే ఉంది. అతను దాని వైపు చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. రాజుగారి మాట గుర్తుంటే తిట్టాల్సిందే.

తాళానికి కలిపిస్తే సరిపోయేది. బండీ దక్కేది, చేతులూ వెచ్చగా ఉండేవి. అతను ఆ మాట ఎత్తలేదు. ఆమెను దిగమని, పనిముట్ల పెట్టెలోంచి పటకారు తీసి, మా ఇద్దరి తీగ పుటుక్కున తెంపాడు. మర్నాడు సుభానీకి, "నీ పిడి సెడిపోనాది బాయ్," అని చెప్పాడు. "చైనా మాల్ కాబోలు," అన్నాడు సుభానీ. తప్పు నాదేనని అందరూ తేల్చారు. నాకూ అభ్యంతరం లేదు.

ఆ తర్వాత బండి ఎప్పుడూ మొరాయించలేదు. రాజుగారు సంతోషించి బొంజుబాబుకు ఉన్ని చేతొడుగులు కొనిచ్చాడు. నేను ఇప్పుడు మామూలు రబ్బరు ముక్కను. చల్లగా ఉంటాను. ఆలోచనకు అదే మంచిది.

కొండ దిగి వస్తున్నప్పుడు, ఇల్లు కనబడే మలుపుకు చాలా ముందే బొంజుబాబు బండి ఆపుతాడు. చేతొడుగులు విప్పి జేబులో కుక్కుకుంటాడు. మిగతా దారంతా వట్టి చేతులతో నన్ను పట్టుకుని, ఎదురుగాలిలో, నెమ్మదిగా నడుపుతాడు.